వెనక సీట్లో కూర్చుని చూశాకే బుక్ చేయండి

ప్రశ్న: మా ఇంట్లో ఐదుగురం. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల బాబు, రెండేళ్లు నిండిన పాప, మా అమ్మ. అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇన్నాళ్లూ వాడిన సెడాన్ ఇచ్చేసి లగ్జరీ హైబ్రిడ్ ఎస్‌యూవీ కొందామని చూస్తున్నాం. లెక్సస్ ఆర్‌ఎక్స్ 350హెచ్, వోల్వో ఎక్స్‌సీ90 ప్లగ్-ఇన్, బీఎండబ్ల్యూ ఎక్స్5 ప్లగ్-ఇన్ దగ్గర ఆగాం. క్రాష్ టెస్టుల్లో మూడింటికీ ఐదు నక్షత్రాలే. ఉండేది అపార్ట్‌మెంట్లో. కింద పార్కింగ్‌లో ఛార్జింగ్ పాయింట్ పెట్టుకోవడానికి అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు. 'ఛార్జ్ చేయకపోయినా ఫర్వాలేదు సార్, పెట్రోలు మీద నడిచిపోతుంది' అంటున్నారు షోరూంలో. ఆఫీసుకి రానూపోనూ 40 కిలోమీటర్లు. నెలకి ఒకటి రెండుసార్లు అందరం కలిసి దూరం వెళ్తాం. చెల్లెలి కుటుంబం వచ్చినప్పుడు పనికొస్తుందని ఏడు సీట్లది తీసుకుందామా అని కూడా ఉంది. కారు మా ఆవిడ కూడా నడుపుతుంది. ఆమెకి భద్రత ముఖ్యం, అమ్మకి కుదుపులు ఉండకూడదు. ఏది తీసుకోమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో కార్ల పేర్లున్నాయి, నక్షత్రాలున్నాయి, ఆఫీసు దూరం కూడా ఉంది. ఎవరు ఏ సీట్లో కూర్చుంటారో మాత్రం లేదు. ఇంటిల్లిపాదికీ కారు కొంటున్నామని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది అదే. షోరూంలో కారు చూడటం, నడిపి చూడటం, మెచ్చుకోవడం అంతా డ్రైవర్ సీట్లోంచే జరిగిపోతుంది. మీ ఐదుగురిలో ఆ సీట్లో కూర్చునేది ఒక్కరు. మిగతా నలుగురికీ ఆ కారు ఎలా ఉంటుందో అక్కడ కూర్చుంటే తెలియదు.

ఆ సంగతి కొంచెం పెద్దది. దానికంటే ముందు ప్లగ్ విషయం తేల్చేద్దాం.

హైబ్రిడ్ అని అమ్ముతున్నవాటిలో మూడు రకాలున్నాయి. మొదటిది మైల్డ్ హైబ్రిడ్. 48 వోల్టుల చిన్న బ్యాటరీ ఇంజిన్‌కి ఓ చెయ్యేస్తుంది, అంతే. ఉత్త కరెంటు మీద బండిని నడిపేంత సత్తా దానికి సాధారణంగా ఉండదు. ఎక్స్5లోనే ఎక్స్‌డ్రైవ్ 40ఐ, ఎక్స్‌సీ90లో బీ5, మెర్సిడెస్ జీఎల్ఈ 450 ఈ కోవలోవి. మంచి కార్లే, కాకపోతే వాటిని పెట్రోలు కార్లుగానే లెక్కేసుకోండి. రెండోది ఫుల్ హైబ్రిడ్. స్ట్రాంగ్ హైబ్రిడ్ అని కూడా అంటారు. మీరు చూసిన ఆర్‌ఎక్స్ 350హెచ్ ఇదే. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని పట్టుకుని, ఇంజిన్ నుంచి కొంత తీసుకుని, తనకు కావలసిన కరెంటు తనే చేసుకుంటుంది. గోడకి వైరు తగిలించే పనే లేదు. లెక్సస్ 2005లో ఆర్‌ఎక్స్ 400హెచ్‌ని అమ్మకానికి తెచ్చింది. అంటే లగ్జరీ ఎస్‌యూవీల్లో ఈ పద్ధతి వచ్చి ఇరవై ఏళ్లు. కొత్త ప్రయోగం అనుకోనక్కర్లేదు.

మూడోది ప్లగ్-ఇన్, అంటే గోడకి వైరు తగిలించి ఛార్జ్ చేసుకునే పెద్ద బ్యాటరీ ఉన్నది. మీ జాబితాలో మిగతా రెండూ ఇవే. ఎక్స్‌సీ90 టీ8 బ్యాటరీ 18.8 కిలోవాట్ అవర్లు, కరెంటు బిల్లు భాషలో దాదాపు 19 యూనిట్లు. ఎక్స్5 ఎక్స్‌డ్రైవ్ 50ఈలో వాడుకోగలిగింది 25 యూనిట్ల పైచిలుకు. వోల్వో నిండా ఛార్జ్ అయితే ల్యాబ్ లెక్క ప్రకారం 70 కిలోమీటర్ల దాకా పెట్రోలు ముట్టుకోదు. రోడ్డు మీద కొంత తగ్గినా మీ 40 కిలోమీటర్లకి ఢోకా లేదు. రోజూ రాత్రి ఛార్జ్ పెట్టేవాళ్లకి ఇంతకంటే సుఖం లేదు. వారం పొడుగునా చప్పుడు లేకుండా, పెట్రోలు బంకు మొహం చూడకుండా తిరగొచ్చు.

రోజూ పెట్టేవాళ్లకి. షోరూం వాళ్లు మీకు చెప్పిన మాట ఇక్కడే సగం నిజం. ఛార్జ్ లేకపోయినా నడుస్తుంది, అది నిజమే. కానీ అప్పుడు మీరు నడుపుతున్నది రెండు టన్నులు దాటిన కారుని, ఖాళీ బ్యాటరీని అదనపు బరువుగా మోయిస్తూ. ఎక్స్‌సీ90 టీ8 సుమారు 2.3 టన్నులుంటుంది, ఎక్స్5 ప్లగ్-ఇన్ రెండున్నర టన్నులకి దగ్గర. యూరోపియన్ కమిషన్ 2024లో రోడ్ల మీద నిజంగా తిరుగుతున్న కార్లలోంచి తీసిన లెక్కలు బయటపెట్టింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ కంపెనీ కాగితాల్లో ఉన్నదానికి మూడున్నర రెట్లు ఉందని తేలింది. కారులో లోపమేమీ లేదు. కాగితం మీద లెక్క కట్టినంత తరచుగా జనం ఛార్జ్ చేయడం లేదు.

అందుకని ముందు అసోసియేషన్‌తో తేల్చుకోండి. నోటిమాట సరిపోదు, రాతపూర్వకంగా ఉండాలి. మీ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా విడిగా లైను, సరైన ఎర్తింగ్, దానికంటూ ఒక బ్రేకరు. గోడకున్న మామూలు ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి రాత్రంతా వదిలేద్దామనుకుంటే వద్దు. గంటల తరబడి అంత కరెంటు లాగితే సాకెట్ వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది. అనుమతి చేతికొస్తే ప్లగ్-ఇన్ వైపు చూడండి, రాకపోతే ఆ రెండు కార్లనీ పక్కన పెట్టేయండి. 'కారొచ్చాక చూసుకుందాంలే' అనే మాట మాత్రం వద్దు. అసోసియేషన్ మీటింగులు ఎలా సాగుతాయో మీకు నేను చెప్పాలా!

ఇప్పుడు సీట్ల దగ్గరికొద్దాం.

పెద్దావిడ కదా, వెనక హాయిగా కూర్చోనిద్దాం అనుకుంటారు చాలామంది. బహుశా మీరూ అనుకుంటూ ఉండొచ్చు. ఆమెని ముందు సీట్లో కూర్చోబెట్టమని నా సలహా. ఐఐహెచ్ఎస్ అని అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే పరీక్షా సంస్థ ఉంది. 2007, ఆ తర్వాతి మోడల్ కార్లను చూస్తే, బెల్టు పెట్టుకున్నవాళ్లలో ముందు సీట్ల వాళ్లకంటే వెనక సీట్ల వాళ్లకి ప్రాణాపాయం 46 శాతం ఎక్కువ అని ఆ సంస్థ చెబుతోంది. వెనక సీటు పాడైపోయి కాదు. ముందు సీట్లకి ఎయిర్‌బ్యాగులు, ప్రమాదం జరిగిన క్షణంలోనే బిగుసుకుని ఆ వెంటనే ఛాతీ మీద ఒత్తిడి తగ్గించే బెల్టులు వచ్చాయి. వెనక సీట్లకి చాలా కార్లలో అవి ఆలస్యంగా వచ్చాయి, కొన్నింట్లో ఇంకా రాలేదు. పక్కటెముకలు పెళుసుబారే వయసులో ఆ తేడా చిన్నది కాదు. పదమూడేళ్ల లోపు పిల్లలకి మాత్రం ఇప్పటికీ వెనక సీటే సరైన చోటు. అందులో మార్పేమీ లేదు.

ఆ సంస్థే 2022లో తన ముందువైపు ఢీకొట్టే పరీక్షని మార్చింది. డ్రైవర్ వెనక సీట్లో పొట్టి ఆడమనిషంత, అంటే పన్నెండేళ్ల పిల్లంత బొమ్మని కూర్చోబెట్టి, బెల్టు నడుము ఎముక మీద నిలిచిందా, జారి పొట్ట మీదకి ఎక్కిందా అని చూస్తారు. అలా ముందుగా 15 చిన్న ఎస్‌యూవీలని పరీక్షిస్తే మంచి గ్రేడు రెండింటికే వచ్చింది. ఫోర్డ్ ఎస్కేప్, వోల్వో ఎక్స్‌సీ40. తొమ్మిదింటికి అట్టడుగు గ్రేడు. పాత పరీక్షలో చక్కగా నెగ్గిన కార్లే అవి. మీరు చూస్తున్నవి వాటికంటే పెద్ద కార్లు, ఆ ఫలితాన్ని వీటికి అంటగట్టలేం. కాకపోతే మీరు అడగాల్సిన ప్రశ్న ఏమిటో దాన్నిబట్టి తెలుస్తుంది. 'వెనక సీటు బెల్టులకి ప్రీ-టెన్షనర్, లోడ్ లిమిటర్ ఉన్నాయా? మధ్య సీటుకి కూడా ఉన్నాయా?' అని అడగండి. ఇందాక చెప్పినట్టు బెల్టుని బిగించేది మొదటిది, ఛాతీ మీద ఒత్తిడి తగ్గించేది రెండోది. సేల్స్ అబ్బాయికి తెలియకపోతే బ్రోచర్‌లో చూపించమనండి. మొహమాటపడకండి.

నక్షత్రాల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మూడింటికీ ఐదు అన్నారు, నిజమే. యూరప్‌లో కార్లని ఢీకొట్టించి నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ ఎక్స్‌సీ90ని పరీక్షించింది 2015లో, ఎక్స్5ని 2018లో, ఇప్పటి ఆర్‌ఎక్స్‌ని 2022లో. ప్రశ్నపత్రం మధ్యమధ్యలో కఠినం చేస్తూ వచ్చారు. 2015 నాటి ఐదూ 2022 నాటి ఐదూ ఒకే పరీక్షలో వచ్చిన మార్కులు కావు. అలాగని వోల్వో బలహీనమైన కారని నేననను. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కంపెనీలే భద్రతని అంత పట్టుదలగా పట్టించుకున్నాయి, అందులో అదొకటి. ఇవాళ ప్రపంచమంతా పెట్టుకుంటున్న మూడు కొసల సీటు బెల్టుని 1959లో కార్లలోకి తెచ్చింది, పేటెంటుని అందరికీ వదిలేసింది ఆ కంపెనీయే. మీరు మాత్రం నక్షత్రాలు లెక్కపెట్టి ఆగకండి. ఆ సంస్థ వెబ్‌సైట్లో పిల్లల భద్రతకి విడిగా శాతం ఇస్తారు, ఏ సీట్లో ఏ చైల్డ్ సీటు పడుతుందో పట్టిక ఉంటుంది. మీ ఇంటికి కావలసింది ఆ పట్టిక.

అమ్మగారు ముందుకొస్తే వెనక ముగ్గురు: పాప, బాబు, మీరిద్దరిలో కారు నడపనివారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

పాపకి రెండేళ్లు కాబట్టి వెనక్కి తిరిగి ఉండే సీటే ఇంకా మంచిది. చైల్డ్ సీట్లకి సంబంధించిన ఐ-సైజ్ నిబంధన కనీసం 15 నెలల దాకా అలాగే ఉండాలంటుంది. అక్కడితో ఆపేయాలని కాదు. సీటు అనుమతించిన ఎత్తు, బరువు దాటనంత వరకు, వీలైతే నాలుగేళ్ల దాకా అలాగే కొనసాగించమని నిపుణులు చెబుతారు. చిన్నపిల్లల తల బరువు ఎక్కువ, మెడ బలం తక్కువ. ముందు నుంచి దెబ్బ తగిలినప్పుడు వీపు, తల, మెడ అన్నిటినీ సీటే కలిపి పట్టుకుంటుంది. అయితే ఈ సీటు చాలా చోటు తింటుంది. అమ్మగారి వెనక పెడితే ఆమె సీటు ముందుకి జరగాలి, మోకాళ్లు డాష్‌బోర్డుకి తగులుతాయి, ఎయిర్‌బ్యాగుకీ దగ్గరవుతారు. మీ వెనక పెడితే మీ కాళ్లకి ఇబ్బంది. బాబుకి తొమ్మిదేళ్లు. ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు దాటేదాకా వాడికీ బూస్టర్ ఉండాలి. లేకపోతే బెల్టు భుజం మీద కాకుండా మెడ మీదికి వస్తుంది. ఈ రెండింటి మధ్య మిగిలిన జాగాలో పెద్ద మనిషి ఒకరు పట్టాలి.

ఇది బ్రోచర్‌లో కొలతలు చూసి తేల్చే విషయం కాదు. మీ రెండు సీట్లనీ షోరూంకి మోసుకెళ్లండి. అవును, నవ్వుతారు, నవ్వనివ్వండి. పాప సీటుని ఐసోఫిక్స్ కొక్కేలకి, అంటే చైల్డ్ సీటుని కారుకి బిగించడానికి వెనక సీట్లో ఉండే కొక్కేలకి, తగిలించండి. కొక్కేలు కుషన్ మధ్యలో ఎంత లోతుగా దాక్కున్నాయో అప్పుడు తెలుస్తుంది. సీటుకి ఆసరా కాలుంటే అది నేల మీద గట్టిగా ఆనాలి. నేలలో సామాను పెట్టుకునే చిన్న గది ఉండి, కాలు దాని మూత మీద పడితే మాన్యువల్ చూడకుండా ఒప్పుకోవద్దు. తర్వాత బూస్టర్ పెట్టి బాబుని కూర్చోబెట్టి, బెల్టు వాణ్నే పెట్టుకోమనండి. బెల్టు కొన దూర్చే బకిల్ బూస్టర్ అంచు కిందికి వెళ్లిపోవడం చాలా కార్లలో జరిగేదే. వాడు తంటాలు పడతాడు, చివరికి మీ శ్రీమతి సగం లేచి, వాడి మీదుగా వంగి పెట్టాల్సి వస్తుంది. షోరూంలో ఒకసారి అయితే ఫర్వాలేదు. రోజూ స్కూలు దగ్గర, వెనక హారన్లు మోగుతుంటే అది నరకం. నాలుగో రోజు నుంచి బెల్టు పెట్టడమే మానేస్తారు. ఆ పరిస్థితి రాకుండా చూసుకుంటే సగం భద్రత మీ చేతిలో ఉన్నట్టే.

ఎక్స్‌సీ90కి ఇక్కడ ఒక మార్కు అదనంగా వేస్తాను. ఏడు సీట్ల వోల్వోలో రెండో వరుస ఒకే బెంచీలా ఉండదు, మూడు విడి సీట్లుంటాయి. మధ్య సీటులోంచి పైకి లేచే బూస్టర్ కూడా చాలాచోట్ల దొరుకుతుంది. బాబు మధ్యలో కూర్చుంటే విడిగా బూస్టర్ మోసుకెళ్లే పని తప్పుతుంది, బకిల్ గొడవా తప్పుతుంది. ఆ ఆప్షన్ మీకిచ్చే వేరియంట్‌లో ఉందో లేదో రాయించుకోండి.

ఏడు సీట్ల మాటెత్తాను కాబట్టి మూడో వరుస సంగతి కూడా. ప్లగ్-ఇన్ బ్యాటరీ సాధారణంగా డిక్కీ కింద చోటు ఆక్రమిస్తుంది. ఎక్స్5 ప్లగ్-ఇన్‌లో అందుకే ఐదు సీట్లే వస్తాయి. ఇప్పటి ఆర్‌ఎక్స్‌లో అసలు మూడో వరుసే లేదు. వోల్వో బ్యాటరీని కారు మధ్యలో ఉన్న సొరంగంలో సర్దింది కాబట్టి ఏడు సీట్లూ మిగిలాయి. కానీ ఆ చివరి సీట్లు ఎప్పుడో వచ్చే చెల్లెలి కోసం కొనాల్సినవి కావు. అక్కడ కూర్చుంటే తల వెనక అద్దానికి బాగా దగ్గరగా ఉంటుంది, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, వాంతులయ్యే పిల్లలకి ముందు అక్కడే మొదలవుతాయి. పైగా ఏడుగురూ కూర్చుంటే డిక్కీలో రెండు మూడు సంచులకి మించి పట్టవు. చెల్లెలి కుటుంబం వచ్చిన రోజు రెండు కార్లలో వెళ్లండి. మీకు మూడో వరుస అక్కర్లేదు. రెండో వరుసలో విడి సీట్ల కోసమే అయితే ఏడు సీట్లది తీసుకోండి, అది వేరే సంగతి.

ఇక అమ్మగారి మోకాళ్లు. ఎస్‌యూవీ ఎత్తు పెద్దవాళ్లకి సుఖమని ఒక మాట ప్రచారంలో ఉంది. కొంతమేరకే అది నిజం. సెడాన్‌లోలా కిందికి కూలబడక్కర్లేదు, కానీ పైకి ఎక్కాల్సి వస్తే అదీ కష్టమే. సీటు అంచు ఆమె తుంటికి సమానంగా ఉండాలి. అప్పుడు వెనక్కి ఆని కూర్చుని, కాళ్లు రెండూ ఒకసారే లోపలికి తిప్పుకోవచ్చు. తలుపు కింది గడప ఎంత వెడల్పుందో చూడండి. వెడల్పాటి గడప మీదుగా కాలు దాటించడమే మోకాళ్ల నొప్పులవాళ్లకి అసలు బాధ. స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నడిచే ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కార్లలో కొన్ని, ఆగినప్పుడు కొద్దిగా కిందికి దిగుతాయి. ఆమె పొట్టి మనిషైతే ఆ కొద్దిపాటి ఎత్తే తేడా తెస్తుంది. పట్టుకోవడానికి పైన హ్యాండిల్ ఉందా అని కూడా చూడండి, కొన్ని ఖరీదైన కార్లలోనూ ముందు సీటు దగ్గర అది సరైన చోట ఉండదు. ఇవన్నీ ఆమె ఎక్కి దిగితేనే తెలుస్తాయి. ఒకసారి ఎక్కించి సరే అనుకోకండి, మూడుసార్లు ఎక్కించి దించండి. మూడోసారికి ఆమె మొహంలోనే జవాబు కనిపిస్తుంది.

కుదుపుల విషయంలో కంపెనీ పేరు కంటే చక్రం సైజు ముఖ్యం. షోరూంలో పెద్ద చక్రాలతో నిలబెట్టిన కారే అందరి కంటికీ ఆనుతుంది. ఎక్స్‌సీ90నే తీసుకోండి. 20 అంగుళాల చక్రానికి 275/45 టైరు, 22 అంగుళాలకి 275/35. ముందున్న అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, గీత తర్వాతది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. పక్కగోడ ఎత్తు లెక్కేస్తే మొదటిదానికి సుమారు 124 మిల్లీమీటర్లు, రెండోదానికి 96. గుంతకీ అమ్మగారి నడుముకీ మధ్య మెత్తగా ఉండేది ఆ రబ్బరే. అందులో 28 మిల్లీమీటర్లు అందం కోసం కోసేసుకుంటున్నాం. గుంతలో పడితే పెద్ద చక్రం రిమ్ము వంగడం, టైరు పక్కగోడ ఉబ్బడం కూడా ఎక్కువే. ఆ మోడల్‌కి దొరికే చక్రాల్లో చిన్నది అడగండి. పై వేరియంట్‌లో పెద్ద చక్రాలే వస్తాయంటే మార్చి ఇవ్వమనండి. కొత్త కారు మీద ఈ బేరం కుదరడం కష్టమేమీ కాదు. అలాగే స్టెప్నీ ఉందా అని అడగండి. చాలా ప్లగ్-ఇన్లలో దాని చోటుని బ్యాటరీ మింగేసింది, పంచర్ డబ్బా ఒకటి ఇచ్చి సరిపెడతారు. పక్కగోడ చిరిగితే ఆ డబ్బా దేనికీ పనికిరాదు, పిల్లలతో రోడ్డు పక్కన నిలబడాల్సిందే.

ఎయిర్ సస్పెన్షన్ మంచిదేనా అంటే, ఉన్నంతకాలం చాలా మంచిది. వారంటీ దాటాక గాలి సంచి కారితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఆర్‌ఎక్స్ మామూలు స్ప్రింగుల మీదే నడుస్తుంది, అయినా మెత్తదనంలో దానికి పేరుంది. దానికున్న లోపం వేరే. హైవే మీద ఎవరినైనా దాటడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒకే శ్రుతిలో గట్టిగా అరుస్తుంది, వేగం ఆ అరుపుకి తగ్గట్టు పెరుగుతున్నట్టు అనిపించదు. గేర్లు మారే తీరు మామూలు ఆటోమేటిక్‌లా ఉండదు కాబట్టి అలా. కొందరికి అది రెండో రోజుకే అలవాటైపోతుంది, కొందరికి ఎప్పటికీ కాదు. టెస్ట్ డ్రైవ్‌లో నిదానంగా తిప్పి ఇచ్చేయకుండా ఒకసారి గట్టిగా తొక్కి వినండి. దూరప్రయాణాలున్నాయన్నారుగా.

హైబ్రిడ్‌తో ఇంకో చిన్న విషయం, ఎవరూ చెప్పనిది. టొయోటా, లెక్సస్ హైబ్రిడ్లలో కొన్నింటికి బ్యాటరీని చల్లబరిచే గాలి కారు లోపలి నుంచే వెళ్తుంది. వెనక సీటు దగ్గర, కుషన్ కిందో పక్కనో జాలీ ఉంటుంది. అది ఎక్కడుందో డెలివరీ రోజు చూపించమనండి. దానికి అడ్డంగా దుప్పటి, బొమ్మలు, స్కూలు బ్యాగు పెడితే బ్యాటరీకి ఊపిరాడదు. పిల్లలున్న కారులో ఆ జాలీ ఫిల్టర్‌లో బిస్కెట్ పొడి, దుమ్ము చేరడానికి ఎన్నాళ్లో పట్టదు. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా శుభ్రం చేయమని చెప్పండి.

మీ శ్రీమతి భద్రత గురించి అడిగారు కాబట్టి ఒకటి. పెద్ద కారు లోపలున్నవాళ్లని కాపాడుతుంది, బయటున్నవాళ్లకి మాత్రం చిన్న కారు కంటే ప్రమాదం. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు, బానెట్ 30 అంగుళాలకి మించకుండా ముందుకి వాలి ఉండే కార్లకంటే, పాదచారిని ఢీకొడితే ప్రాణం తీసే అవకాశం 45 శాతం ఎక్కువని ఐఐహెచ్ఎస్ 2023లో తేల్చింది. బానెట్ ఎత్తైతే ముందు నిలబడ్డ పసిపిల్ల డ్రైవర్‌కి కనబడకపోవచ్చు కూడా. టేపు పట్టుకెళ్లి కొలవండి. ఆమె నడిపేటప్పుడు సీటు ఎంత పైకి లేస్తుంది, బానెట్ ముందు నేల ఎక్కడి నుంచి కనిపిస్తుంది అనేది ఆమెనే చూడమనండి. చుట్టూ చూపించే కెమెరా ఉండాల్సిందే, అందులో రాజీ వద్దు. ఈ హైబ్రిడ్లు పార్కింగ్‌లో కరెంటు మీద చప్పుడు లేకుండా కదులుతాయి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు హెచ్చరిక శబ్దం చేసే ఏర్పాటు ఉంటుంది కానీ, బంతాట మధ్యలో ఉన్న పిల్లలు దాన్ని పట్టించుకోరు.

తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థ, పక్కన వచ్చే బండిని చూపించేది, రివర్స్‌లో అడ్డొచ్చేవాటిని పట్టేది, ఈ మూడూ తప్పనిసరి. మూడు కార్లలోనూ దొరుకుతాయి, మీ వేరియంట్‌లో ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. గీత దాటితే స్టీరింగ్ లాగేది కొందరికి చిరాకు. ఒక్క బటన్‌తో ఆపగలిగితే ఫర్వాలేదు, నాలుగు మెనూల వెనక దాచితే కష్టం. పెద్ద సన్‌రూఫ్ మీద నాకు మోజు లేదు. బాబుకి ఉంటే వాడితో మీరే తేల్చుకోండి.

అద్దాల గురించి మాత్రం చెప్పాలి. చప్పుడు లోపలికి రాకుండా పక్క అద్దాలకి కూడా రెండు పొరల లామినేటెడ్ అద్దం వేస్తున్నారు. ప్రశాంతంగా ఉంటుంది, ప్రమాదంలో మనిషి బయటికి విసిరివేయబడకుండా ఆపుతుంది. కానీ అత్యవసరంలో దాన్ని చిన్న సుత్తితో పగలగొట్టలేం. ఏ అద్దం ఏ రకమో కింది మూలన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. నాలుగూ లామినేటెడ్ అయితే వెనక డిక్కీ అద్దం ఏ రకమో చూసి గుర్తుపెట్టుకోండి, సుత్తి కొనేది ఆ తర్వాత.

మీ పరిస్థితికి నా మాట ఇది. అసోసియేషన్ ఒప్పుకోకపోతే ఆర్‌ఎక్స్ 350హెచ్, చిన్న చక్రాలతో. అయితే దాని వెనక సీట్లో రెండు చైల్డ్ సీట్ల మధ్య మీ శ్రీమతి ఓ పావుగంట కూర్చుని, ఇబ్బంది లేదని చెప్పాలి. ఇరుకైందంటే ఆర్‌ఎక్స్‌ని వదిలేసి, ప్లగ్ లేని మైల్డ్ హైబ్రిడ్ ఎక్స్‌సీ90 చూడండి. పెట్రోలు కొంత ఎక్కువ తాగుతుంది, మీ ఇంటి అవసరం మాత్రం తీరుతుంది. ఛార్జింగ్ అనుమతి కాగితం చేతికొస్తే ఎక్స్‌సీ90 టీ8. ఎక్స్5 ప్లగ్-ఇన్ నడపడానికి మూడింట్లోకి హాయైన కారు, బ్యాటరీ కూడా పెద్దది. మీరొక్కరే తిరిగేవాళ్లైతే అదే చెప్పేవాణ్ని. బ్యాటరీ వారంటీ చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తాయి. మీకిచ్చేది అంతకంటే తక్కువైతే కారణం అడిగి, కాగితం మీద పెట్టించుకోండి.